సంత్ సేవాలాల్

సూర్యాపేటనుండి కోదాడమీదుగా తూర్పునకు పోవు రహదారిపై నేడు రాత్రింబవళ్లు లారీలు పరుగులిడుచుండును. పుణెనుండి మచిలీపట్టణమువరకు సాగు 65వ నంబరు జాతీయ రహదారి యిది. మూడువందల యేండ్లకు పూర్వము ఈ దిక్కున రాళ్లు పరచిన బాట లేదు, వంతెన లేదు. మూసీగాని, పాలేరుగాని పొంగినచో బాటసారి గట్టుననే నిలిచి నీరు తగ్గువరకు వేచియుండవలసినదే. అయినను సముద్రమునకు ఎంతో దూరముననున్న గోలకొండ సీమవారు సముద్రపు ఉప్పునే తినుచుండిరి. తీరమునుండి ఆ ఉప్పును లోపలి సీమలకు మోసినవి ఎద్దులు. ఆ ఎద్దులను తోలినవారు లంబాడీలు.

లంబాడీలకే బంజారాలనియు, సుగాలీలనియు పేర్లు. తమలో తాము గోర్ అని చెప్పుకొందురు. వారి భాష గోర్‌బోలీ. దానికి స్వంత లిపి లేదు. లిపి లేని జాతి తన పెద్దలను గ్రంథములలో గాక పాటలలో దాచుకొనును. ధాడీలు, భాట్లు తండా తండాకు తిరిగి పాడిన పాటలవలననే సేవాలాల్ చరిత్రము మనవరకు వచ్చినది. కావున అందు కొంత జరిగిన కథ, కొంత భక్తి అల్లిన కథ. ఆ జాతివారికి రెండును సమానముగా ప్రియమైనవే.

సేవాలాల్ 1739వ సంవత్సరము ఫిబ్రవరి 15వ తేదీన జన్మించెనని బంజారాలు చెప్పుదురు. ఆ నెలలోనే పారశీక ప్రభువగు నాదిర్షా కర్నాలువద్ద మొగలు సైన్యమును చిందరవందర చేసెను. హైదరాబాదు రాజ్యమును స్థాపించిన నిజాముల్ ముల్కు ఆ సమయమున మొగలు పాదుషా పక్షమున అచ్చటనే యుండెను. ఉత్తరమున సింహాసనములు కదలుచుండగా, దక్షిణమున ఒక పశువుల మందనడుమ ఈ బాలుడు కన్నులు తెరచెను. జన్మస్థలము అనంతపురము సీమలో గుత్తి దగ్గరి గొల్లలదొడ్డి యని తెలుగు దేశపు బంజారాలు చెప్పుదురు. ఆ చోటు నేడు సేవాగఢ్ అను పేర యాత్రాస్థలమైనది. కర్ణాటకమువారు దావణగెరె మండలములోని సూరగొండనకొప్పను చూపుదురు. ఏడాదిలో ఎనిమిది నెలలు నడచుచుండు జాతికి తండా విడిసిన చోటే ఊరు. అట్టివారి పుట్టినూరిని గూర్చి రెండు సీమలు పోటీపడుటలో వింత లేదు.

తండ్రి భీమా నాయకుడు. తల్లి ధర్మిణి. భీమా నాయకుడు వేలకొలది పశువులు గల తండాకు పెద్ద. ఆ దినములలో బంజారాలకు భాగ్యమనగా భూమి కాదు, పశువులే. ఎవని మంద పెద్దదో వాడే పెద్దమనిషి.

ఆ బ్రదుకుతెరువు ఎట్టిదో కొంత వివరముగా తెలిసికొననిదే సేవాలాల్ గొప్పతనము మనకు బోధపడదు. లంబాడీ యెద్దు బండి లాగదు. దాని వీపుపై కంట్లము వేయుదురు. కంట్లమనగా ఇరుప్రక్కలకు వ్రేలాడు జంట గోనెసంచి. ఒక్కొక్క యెద్దు ఒక క్వింటాలు పైచిలుకు బరువు మోయును. పదివేల యెద్దులున్న బిడారు వేయి టన్నుల ధాన్యమును తరలింపగలదు. పది టన్నుల లారీలు నూరు వరుసగా పోయిన నెంతయో అంత. అయితే నడక మాత్రము మెల్లన. దినమునకు ఆరేడు మైళ్లు మించదు. సూర్యాపేటనుండి కోదాడ చేరుటకే నాలుగైదు దినములు పట్టును. మచిలీపట్టణమునుండి హైదరాబాదు చేరవలెనన్నచో నెల దాటును.

ఇంత ఆలస్యమైనను వర్తకులు, రాజులు వారినే ఎందుకు పిలిచెడివారు? కూలి తక్కువ కావుననే. కూలి తక్కువగుటకు కారణము మేత. ప్రొద్దుట నడచి, ఎండ ముదురకముందే బరువులు దింపి, ఎద్దులను బీళ్లమీదికి విడుచుదురు. అవి సాయంకాలమువరకు దారిప్రక్క గడ్డి మేయును. గడ్డికి వెల లేదు. చెరువు నీటికి వెల లేదు. రాత్రియైనంత గోనెసంచులను కోటగోడవలె చుట్టును పేర్చి, పశువులను నడుమ నుంచి, కుక్కలను కావలి పెట్టుదురు. వానకాలమున నడక సాగదు. అప్పుడు కొండల దాపున, అడవి అంచున తండా విడియును. ఆవులు ఈనుట, దూడలను సాకుట, కోడెలకు బరువు మోయుట నేర్పుట, చినిగిన కంట్లములను కుట్టుట అప్పుడే. ఆ నెలలలో నెయ్యి కాచి ఊళ్లలో అమ్ముదురు. మిగులు కోడెలను రైతులకు అరకకు అమ్ముదురు. రైతులు తమ చేలలో మందగట్టించుకొని, ఎరువునకు బదులుగా జొన్నలు కొలిచి యిచ్చెదరు. ఆ విధముగా రైతుకును తండాకును పొత్తు కుదిరియుండెను.

పొత్తు ఉన్నచోట తగవును ఉండును. వేల పశువులు ఊరిప్రక్కగా పోవుచుండగా ఏదో యొకటి చేనిలో పడకపోదు. రాత్రి ఊరిలో ఏ వస్తువు పోయినను తండావారిపైననే అనుమానము. సేవాలాల్ బాల్యకథలలో ఒకటి యిట్టి తగవును గూర్చినదే. ఆయన మేపుచున్న ఆవులు పంటలో పడినవని రైతులు కోపించి వచ్చిరట. బాలుడు వారిని వెంటబెట్టుకొని చేనికి పోయి చూపగా పంట చెక్కుచెదరక నిలిచియుండెనట. మహిమ సంగతి యటుండనిండు. పసులకాపరి బాలుడు రైతు కోపమునకు వెరచి పారిపోక, వారితో కలిసి చేనివరకు నడచెననుట ఆ కథలో గమనింపదగినది. మరియొక కథలో ఆయన మట్టిని ముద్దచేసి నివేదింపగా అది తియ్యని సీరాయైనదని చెప్పుదురు. ఆయనకు గరాస్యా అను ఆబోతును, తోళారాం అను గుఱ్ఱమును ప్రియమైనవట. బంజారా పటములలో ఆయన ప్రక్కన గుఱ్ఱమును చిత్రింతురు.

సేవాలాల్ జీవితమున ప్రధానఘట్టము జగదంబా దేవితో కలిగిన వివాదము. ఆ దేవిని లంబాడీలు మేరామా యని కొలుతురు. దేవి ఈ బాలుని తన సేవకునిగా ఇమ్మని భీమా నాయకుని అడిగెనట. దేవికి సేవకుడగుటయనగా ఆమెకు జంతుబలి సమర్పించుట. తండ్రి అంగీకరింపలేదు, కొడుకును సమ్మతింపలేదు. అంతట తండాకు కష్టకాలము దాపురించెను. పశువులు రోగమువలన కూలినవి. ధనవంతుడగు నాయకుడు దరిద్రుడయ్యెను.

ఈ కథను విను నేటి బాలురకు పశురోగమనగా ఒక సూదిమందుతో పోవునదని తోచవచ్చును. అప్పటి సంగతి వేరు. ముసర వ్యాధి మందలో ప్రవేశించినచో పదిదినములలో దొడ్డి ఖాళీయగును. ఎద్దులు చచ్చిన బంజారాకు వడ్రంగము రాదు, సేద్యము తెలియదు, నిలువ నీడ లేదు. గోనెసంచుల ఉప్పు దారిప్రక్క పడియుండును. ఇచ్చిన గడువు తప్పును. అప్పు మిగులును. ఆ ముసర వ్యాధిని ప్రపంచమంతట నిర్మూలించితిమని దేశములన్నియు ప్రకటించినది 2011వ సంవత్సరమున. అంతవరకు ఎన్ని శతాబ్దములు, ఎన్ని తండాలు దానివలన చితికిపోయినవో లెక్క లేదు. ఇట్టి భయము వెంటాడుచుండగా దేవికి ఎదురు చెప్పుటకు ఎంత గుండె నిబ్బరము కావలెను! తండాలోని పెద్దలు ఆ పిల్లవానిని నిందింపక యుందురా?

తుదకు సేవాలాల్ దేవిసేవకు ఒప్పుకొనెను. అయితే తన చేతితో జంతువును బలి యీయనని నియమము పెట్టుకొనెను. దేవియు సమ్మతించినదట. నాటినుండి నేటివరకు తండాలలో ఇరువురకును పూజలు జరుగును. మేరామాకు కొందరు మేకను సమర్పింతురు. సేవాలాల్‌కు మాత్రము నెయ్యి, బెల్లము, తీపి అన్నము. ఆయన పేర ఎత్తునది తెల్లని జెండా.

యౌవనమున ఆయన తండ్రి వెంట దేశములు తిరిగెను. దేవి భక్తుడుగను, తండాల పెద్దగను పేరుపొందెను. జాతివారు ఆయనను మహారాజని పిలుచుటకంటె సేవాభాయా యని పిలుచుటకే ఇష్టపడుదురు. భాయా యనగా అన్న. ఆయన చెప్పిన నియమములు దారిన నడచు జనులకు పనికివచ్చునవి. దొంగతనము చేయరాదు. అబద్ధమాడరాదు. కల్లు, సారాయి ముట్టరాదు. స్త్రీలను గౌరవింపవలెను. పశువులను, అడవిని, నీటిని కాపాడవలెను. నీటిని వెలకట్టి అమ్ము దినములు రాగలవని ఆయన హెచ్చరించెననియు జాతివారు చెప్పుకొందురు. సీసాలలో నీరు కొనుచున్న మనకు ఆ మాట వింతగా తోచదు. ఊరూరను గడ్డిని, నీటిని ఉచితముగా పొంది బ్రతుకు జాతికి అంతకంటె భయంకరమైన జోస్యము మరి లేదు.

దొంగతనమును, త్రాగుడును గూర్చి ఆయన అంత పట్టుదల చూపుటకు కారణము సులభముగనే ఊహింపవచ్చును. వర్తకుడు వేయి యెద్దుల సరకును కాగితము లేక, జామీను లేక బంజారాకు అప్పగించును. మాటయే జామీను. ఒక తండాలో ఒక్కడు సంచి విప్పెనన్న అపకీర్తి పుట్టినచో నూరు తండాలకు కూలి పోవును. త్రాగి నిద్రించిన కాపరి మందను పులి పాలుచేయును. తండా తగవులను నాయకుడును, కారుబారియు పంచాయతిలో తీర్చెడివారు. ఊరి కచేరీకి పోవుట నామోషీ. సేవాలాల్ ఆ కట్టుబాటునకు భక్తి యను బలమును చేర్చెను.

ఆయన కాలమున దక్కను దేశము యుద్ధభూమి. 1750లో ఫ్రెంచివారు, 1759లో ఇంగ్లీషువారు మచిలీపట్టణమును పట్టిరి. గుత్తి కోట మరాఠా సర్దారు మురారిరావు చేతిలోనుండి 1776లో హైదరాలీకి పోయెను. రాజులు మారినను సైన్యమునకు బియ్యము కావలెను, ఆ బియ్యము ఎద్దులపై రావలెను. అందువలన ఏ పక్షమువారును బంజారాను కదపెడివారు కారు. ఇది ఏనాటినుండియో వచ్చుచున్న ఆచారము. షాజహాను కాలమున, 1630 ప్రాంతమున, జంగీ, భంగీ యను నాయకులు లక్షా ఎనుబదివేల యెద్దులతో మొగలు సేనవెంట దక్కనునకు వచ్చిరని బంజారాలు చెప్పుకొందురు. ఆ సంఖ్యలో అతిశయోక్తి కొంత యుండవచ్చును. కాని గోలకొండకు వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే పది పండ్రెండువేల యెద్దుల బిడారులను గూర్చి తన యాత్రాగ్రంథమున వ్రాసెను. 1799లో శ్రీరంగపట్టణముపైకిని, 1803లో మరాఠాలపైకిని నడచిన ఇంగ్లీషు సేనలకు ధాన్యము చేర్చినవారును బంజారాలే. ఆ యుద్ధములలో వారిపై ఆధారపడిన ఆర్థర్ వెల్లెస్లీ తరువాత వెల్లింగ్టను ప్రభువై 1815లో వాటర్లూవద్ద నెపోలియనును ఓడించెను.

హైదరాబాదు నగరమున అంటువ్యాధి ప్రబలి జనులు రాలిపోవుచుండగా సేవాలాల్ అచ్చట తండా దింపి రోగులను కాపాడెనని మరొక కథ. నేడు మేడలతో నిండియున్న బంజారా హిల్స్ అను పేట పేరును ఆ జాతివారు ఆ విడిదితో ముడిపెట్టి చెప్పుకొందురు.

సేవాలాల్ వివాహమాడలేదు. ఇల్లు కట్టలేదు. మందలవెంట నడచుచు, తండాల తగవులు తీర్చుచు జీవించెను. ఆయన సమాధి మహారాష్ట్రమున వాశిం మండలములోని పోహరాదేవియందున్నది. ఆ చోటును బంజారాలు తమ కాశి యని తలతురు.

ఆయన కాలము గడచిన తరువాత ఆ జాతికి వచ్చిన శత్రువు ముసర వ్యాధియు కాదు, యుద్ధమును కాదు, రైలుబండి. 1874లో వాడినుండి సికిందరాబాదునకు రైలు వచ్చెను. 1889 నాటికి ఆ మార్గము బెజవాడకు చేరెను. నెలదినముల ప్రయాణము ఒక్క దినమైనది. ఉప్పు సంచులు రైలుపెట్టె లెక్కినవి. కంట్లములు అటుకెక్కినవి. వేల యెద్దులున్నను మోయుటకు బరువు లేదు. ఆ పైన 1871నాటి నేరస్థ జాతుల చట్టము క్రింద ఆంగ్లేయ ప్రభుత్వము పెక్కు సంచార జాతులకు పుట్టుకతోనే దొంగలని ముద్రవేసెను. కొన్ని సీమలలో లంబాడీలకును ఆ ముద్ర తప్పలేదు. మాటయే జామీనుగా దేశమంతట సరకులు చేరవేసినవారు పోలీసు ఠాణాలో హాజరు చెప్పవలసివచ్చెను. 1952లో ఆ చట్టము రద్దయినది.

ఎద్దుల బేరము పోయినంత అనేక కుటుంబములు నల్లగొండ సీమలో సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములందు, కృష్ణ, మూసీ, పాలేరు నదుల నడిమి బీళ్లలో స్థిరపడినవి. ఆ నేలలు రాళ్లమయములు, గడ్డికి మాత్రము కొదువ లేదు. ఆవులు, మేకలు మేపుచు, నెయ్యి అమ్ముచు, కట్టెలు కొట్టుచు, కొంత పొడు దున్నుచు బ్రతుకసాగిరి. మేతయు ఇక ఉచితము కాదయ్యెను. అడవులకు హద్దులు పడెను, పశువుకింత యని పన్ను వచ్చెను. దానిని పుల్లరి యందురు. కృష్ణకు ఆవలిగట్టున పలనాటిలో ఆ పుల్లరిని ఎదిరించియే కన్నెగంటి హనుమంతు 1922లో తుపాకి గుండ్లకు బలియయ్యెను. ఈవలిగట్టున వెట్టిచాకిరియు, దేశముఖుల దౌర్జన్యమును ఉండెను. 1946నుండి 1951వరకు సాగిన తెలంగాణ రైతాంగ పోరాటమున సూర్యాపేట, మిర్యాలగూడ తాలూకాల తండాలు నిశ్చలముగా కూర్చుండలేదు.

1955 డిసెంబరు 10న నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగెను. 1967లో కాలువలకు నీరు విడిచిరి. ఎడమ కాలువ నీటితో మిర్యాలగూడ, కోదాడ ప్రాంతములు వరిమడులైనవి, మిర్యాలగూడ బియ్యపు మిల్లులకు పేరుపొందెను. బీడు పొలమైన చోట పసులకాపరికి చోటు కుంచించుకుపోయెను. కాలువ క్రింద భూమి దొరకిన లంబాడీ కుటుంబము వరి పండించెను, దొరకనివాడు కూలియయ్యెను. పాలిచ్చు బఱ్ఱెకు వరిగడ్డి దొరకెను గాని, తిరిగి మేయు ఆవుల మందకు తావు లేకపోయెను. దుక్కిటెద్దుల పనిని ట్రాక్టరు తీసికొనినది. కొండవాలు తండాలలో మేకల మంద మాత్రము నేటికిని పేదయింటికి ఆపద్ధనముగా నిలిచియున్నది. ఆడుబిడ్డ పెండ్లికిగాని, వైద్యమునకుగాని నాలుగు మేకలు తోలుకొనిపోయిన చాలును, అప్పు చేయనక్కరలేదు.

1976నాటి చట్టముచే తెలంగాణలో లంబాడీలు షెడ్యూల్డు తెగల జాబితాలో చేరిరి. విచిత్రమేమనగా, అదే జాతి, అదే భాష, అదే సేవాలాల్ గలవారు కర్ణాటకమున షెడ్యూల్డు కులముగను, మహారాష్ట్రమున విముక్త జాతిగను లెక్కింపబడుచున్నారు. ఎల్లలెరుగక నడచిన జనులను ఎల్లలు మూడుగా పంచినవి. 2018లో తెలంగాణమున పెక్కు తండాలు ప్రత్యేక గ్రామ పంచాయతీలైనవి. నాయకుని పంచాయతి కూర్చుండిన చోటనే నేడు సర్పంచి కచేరి వెలసినది.

వానకాలారంభమున ఈ తండాలలో సీత్లా పండుగ జరుగును. ఊరివెలుపల దేవిని నిలిపి, నానబెట్టిన గింజలతో చేసిన గుగ్గిళ్లు పెట్టి, రోగములు రాకుండ పశువులను ఆ ముందుగా దాటింతురు. మంద చిన్నదైనను ఆచారము మానలేదు. ఫిబ్రవరి 15న సేవాలాల్ జయంతి. తెలంగాణ ప్రభుత్వమును ఆ ఉత్సవమును జరుపుచున్నది. సేవాగఢ్‌కు, పోహరాదేవికి పోగలవారు పోవుదురు. పోలేనివారు తండాలోని తెల్లజెండా క్రింద చేరుదురు. నిప్పులు రాజేసి, నెయ్యి బెల్లము కలిపిన తీపి వంటకమును అందులో వేసి భోగము సమర్పింతురు. అప్పుడు పెద్ద యొకడు చేతులు జోడించి అర్దాసు చెప్పును. ఆ ప్రార్థనలో చీమకును, పురుగునకును, పశువులకును, తమ జాతివారికిని, తక్కిన జనులకును సుఖము కలుగవలెనని సేవాభాయాను వేడుదురు. పిమ్మట ఆ తీపిని ఆకులలో అందరకును పంచిపెట్టుదురు.